సముద్రంలో ఇనుము కరువా? మరి అందులోని సూక్ష్మజీవులు ఎలా బతుకుతున్నాయి?

విశాఖ_సుధ
మా పుట్టిల్లు కొత్తవలస దగ్గర. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బళ్ళ పెట్టెలు లెక్కపెడుతూ పెరిగాను. అదంతా చివరికి విశాఖ సముద్రం ఒడ్డుకే చేరుతుంది. ఇప్పుడు ఇంటర్ బైపీసీ చదివే మా అమ్మాయి వచ్చి "అమ్మా, సముద్రంలో చాలా చోట్ల ఇనుము చాలక నాచు పెరగదట తెలుసా" అంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. పడవ మేకు ముట్టుకుంటే తుప్పు చేతికంటుతుంది. నదులు కొండల్ని కడిగి మట్టంతా తెచ్చి అందులోనే పోస్తాయి. భూమి పైపొరలో నాలుగో స్థానంలో ఉన్న మూలకం సముద్రానికి కరువవడమేమిటి? అది నిజమే అయితే కంటికి కనబడని ఆ జీవులు ఇనుమును ఎక్కడి నుంచి, ఎలా తెచ్చుకుంటున్నాయి? వచ్చే నెల దానికి కాలేజీలో సెమినార్ ఉంది. నాకూ తెలుసుకోవాలని ఉంది. మామూలు మాటల్లో చెప్పండి.

ఉప్పుగాలి
మీ అమ్మాయి చెప్పింది నిజం. ఇనుము లేక కాదు, కరిగి లేదు. సూక్ష్మజీవికి కావలసింది కరిగినదే. నడిసముద్రంలో పైనీళ్ళలో అది సాధారణంగా ఒక నానోమోలార్ కూడా ఉండదు, అంటే లీటరుకు 56 నానోగ్రాముల లోపే. దక్షిణ మహాసముద్రంలో దానిలో పదో వంతు కూడా దొరకని చోట్లున్నాయి. నేను కొన్నేళ్ళు ఓడల మీద ఈ కొలతలు తీసే పనిలోనే ఉన్నాను. రాత్రికి వివరంగా రాస్తాను.

రసాయనం_మాస్టారు
సుధమ్మా, సగం జవాబు మీరు లెక్కపెట్టిన గూడ్సు పెట్టెల్లోనే ఉంది.

ఇనుము రెండు రూపాల్లో తిరుగుతుంది. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నది ఫెర్రస్, మూడు పోగొట్టుకున్నది ఫెర్రిక్. ఫెర్రస్ నీళ్ళలో బాగా కరుగుతుంది. ఫెర్రిక్ కరగదు. సముద్రపు నీళ్ళు కొంచెం క్షారం, పీహెచ్ 8.1 దగ్గర ఉంటుంది కాబట్టి మరీ మొండికేసి తుప్పుగా మారి అడుగుకు దిగిపోతుంది. పైనీళ్ళలో ఆక్సిజన్ దండిగా ఉంటుంది, అందుకని ఫెర్రస్ అక్కడ నిలవదు. వెచ్చటి సముద్రంలో అయితే నిమిషాల్లో ఫెర్రిక్ అయిపోతుంది.

250 కోట్ల ఏళ్ళ కిందట పరిస్థితి ఇలా లేదు. గాలిలో ఆక్సిజన్ దాదాపు సున్నా. సముద్రంలో ఫెర్రస్ ఇనుము దండిగా కరిగి ఉండేది. తొలినాటి జీవులు ఆ సమృద్ధిలో పెరిగాయి, అందుకే శ్వాసకూ, ఎండతో ఆహారం వండుకోవడానికీ, నత్రజనిని పట్టుకోవడానికీ అన్నిటికీ ఇనుమునే పనిముట్టుగా పెట్టుకున్నాయి. తర్వాత మొక్కల్లా ఎండతో ఆహారం వండుకునే సయనోబాక్టీరియా వచ్చి ఆక్సిజన్ వదలడం మొదలుపెట్టాయి. ఇనుము తుప్పుపట్టి సముద్రం అడుగున పట్టీలు పట్టీలుగా పేరుకుంది. బైలదిల్లా కొండల్లో ఉన్నది ఆ జాతి రాయే. అంటే మీ కళ్ళ ముందు నుంచి వెళ్ళిన ఖనిజం ఒకప్పుడు సముద్రంలో కరిగి ఉన్న ఇనుము.

విశాఖ_సుధ
మాస్టారూ, ఈ ఒక్క ముక్కకే ఒళ్ళు జలదరించింది. సముద్రం పోగొట్టుకున్నదాన్ని రైల్లో మళ్ళీ సముద్రం దగ్గరికే తెస్తున్నారన్నమాట!

స్వాతి_సూక్ష్మం
మాస్టారి మాటకు చిన్న సవరణ. ఆ పట్టీల రాయి మొత్తం ఆక్సిజన్ వల్లే ఏర్పడిందని అనలేం. ఆక్సిజన్ లేకుండానే ఎండ సాయంతో ఫెర్రస్‌ను ఫెర్రిక్‌గా మార్చే బాక్టీరియా ఉన్నాయి, ఇప్పటికీ కొన్ని సరస్సుల్లో దొరుకుతాయి. పాత పొరల్లో వాటి చెయ్యి కూడా ఉండి ఉంటుందని చాలామంది భావిస్తారు. మిగతాదంతా మాస్టారు చెప్పినట్టే.

రసాయనం_మాస్టారు
ఒప్పుకుంటున్నానమ్మా. నేను మరీ కుదించి చెప్పాను.

గోదారిగట్టు
నానోమోలార్ అంటే మనబోటివాళ్ళకు బుర్రకెక్కదు. లెక్క వేశాను. మేడ మీద వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు అనుకోండి. 0.1 నానోమోలార్ ఉన్న సముద్రపు నీళ్ళతో నింపితే అందులో కరిగిన ఇనుము 5.6 మిల్లీగ్రాములు. గర్భిణులకు సర్కారు ఆసుపత్రిలో ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అంటే ఒక్క మాత్ర పదకొండు ట్యాంకులకు సమానం.

రసాయనం_మాస్టారు
గోదారి బాబూ, మిల్లీ కాదు, మైక్రో. ట్యాంకు మొత్తంలో 5.6 మైక్రోగ్రాములు. మీరన్నదానికంటే వెయ్యి రెట్లు తక్కువ.

గోదారిగట్టు
అమ్మో, అవునండీ. అయితే ఒక్క మాత్రకు దాదాపు పదకొండు వేల ట్యాంకులు. కోటి లీటర్ల పైమాటే! పరమాణువుల లెక్క కూడా వేశాను, ఈసారి రెండుసార్లు సరిచూశాను. లీటరులో 60 లక్షల కోట్ల పరమాణువులు. వినడానికి కోకొల్లలుగా ఉంది కదా. కానీ ఒక మైక్రాన్ పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న చిన్న పెట్టెడు నీళ్ళు, అంటే ఒక బాక్టీరియా పట్టేంత చోటు తీసుకుంటే 0.06 పరమాణువే వస్తోంది. అలాంటి పెట్టెలు పదహారు పదిహేడు వెతికితే ఒక్క ఇనుప పరమాణువు.

స్వాతి_సూక్ష్మం
ఈ లెక్క భలే ఉంది. పక్కనే ఇంకో అంకె పెట్టుకోండి. మన పేగుల్లో ఉండే ఈ.కోలి ఒక్కోదానిలో లక్ష నుంచి పది లక్షల దాకా ఇనుప పరమాణువులు ఉంటాయి. సముద్రంలోవి ఇంకా పొదుపరులు, అయినా వేలల్లోనైనా కావాలి. పైగా ప్రతిసారీ రెండుగా చీలినప్పుడు అంత ఇనుమూ కొత్తగా సంపాదించుకోవాలి.

నెల్లూరు_చేప
నాకు ఇంకా అనుమానం పోలేదు. గోదావరి వరద నీళ్ళు చూశారా, ఎర్రగా ఉంటాయి. ఆ ఎరుపు ఇనుమే కదా? అంత ఇనుము ఏడాదికోసారి బంగాళాఖాతంలో పడుతుంటే కరువెక్కడ?

ఉప్పుగాలి
చేప గారూ, మంచి ప్రశ్న. ఆ ఎరుపులో ఎక్కువ భాగం మట్టి రేణువులకు అంటుకున్న ఇనుము. కరిగినట్టు కనిపించేది కూడా నిజానికి సన్నటి తేలుడు రేణువులే. నది మొగలో ఉప్పునీళ్ళు తగలగానే అవి ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టి అడుగున పడతాయి. పాలలో నిమ్మరసం పిండితే విరిగినట్టు. నది తెచ్చినదాంట్లో సింహభాగం అక్కడే ఆగిపోతుంది. అయినా మీ మాట ఒక విధంగా నిజం. బంగాళాఖాతం నదులకూ, ఒడ్డుకూ దగ్గర, గాలిలో దుమ్ము కూడా ఎక్కువే, కాబట్టి అక్కడ ఇనుము పెద్ద సమస్య కాదు. అక్కడి కొరత ఎక్కువగా నత్రజనిది. ఇనుము కరువు అసలు చూడాలంటే అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రం, భూమధ్యరేఖ దగ్గరి పసిఫిక్, ఉత్తర పసిఫిక్ చూడాలి. నత్రజని, ఫాస్ఫరస్ పుష్కలంగా ఉండి కూడా పచ్చదనం ఉండదు. మన అరేబియా సముద్రంలో కూడా నైరుతి రుతుపవనాల చివరి రోజుల్లో కొన్ని చోట్ల ఇలాంటి పరిస్థితి కనిపిస్తుందని గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ళు 2010లో రాశారు.

నెల్లూరు_చేప
అలా చెప్పండి. అన్ని సముద్రాలనూ ఒకే గాటన కట్టకూడదన్నమాట.

స్వాతి_సూక్ష్మం
ఇక సుధ గారి అసలు ప్రశ్న, ఎలా తెచ్చుకుంటాయి? నేను పీహెచ్‌డీలో ఐదేళ్ళు దీని మీదే పనిచేశాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొదటి దారి సిడెరోఫోర్. గ్రీకులో "ఇనుము మోసేది" అని అర్థం. బాక్టీరియా తన లోపల ఒక చిన్న అణువు తయారుచేసి బయట నీళ్ళలోకి వదులుతుంది. దానికి ఆరు కొక్కేలు ఉంటాయనుకోండి. ఎక్కడైనా ఫెర్రిక్ ఇనుము దొరికితే ఆ ఆరింటితో చుట్టేసి పట్టుకుంటుంది. ఆ పట్టు మామూలుది కాదు. ఈ.కోలి చేసే ఎంటరోబాక్టిన్ పట్టు బలాన్ని అంకెలో రాస్తే ఒకటి పక్కన 49 సున్నాలు పెట్టాలి. తుప్పులోంచి కూడా ఇనుమును పీకి తేగలదు.

తెచ్చాక లోపలికి ఎలా? బాక్టీరియా బయటి పొరలో చిన్న చిన్న రంధ్రాలుంటాయి, కానీ ఇనుమును చుట్టుకున్న సిడెరోఫోర్ వాటిలో పట్టదు. దానికోసం ప్రత్యేకంగా ఒక గ్రాహకం ఉంటుంది. తాళంచెవి సరిపోయినట్టు సరిపోతేనే పట్టుకుంటుంది. అయితే బయటి పొర దగ్గర శక్తి దొరకదు. అందుకని లోపలి పొర నుంచి టాన్‌బి అనే పొడుగాటి ప్రోటీన్ చెయ్యి చాపి ఆ తలుపును లాగుతుంది. తర్వాత రెండు పొరల మధ్య ఇంకో ప్రోటీన్ అందుకుని లోపలి ద్వారానికి చేరవేస్తుంది. బావిలోంచి తోడిన నీళ్ళ బిందెలు చేతులు మారుతూ ఇంట్లోకి వచ్చినట్టే.

సముద్రంలో ఇంకో చిక్కుంది. వదిలిన అణువు కొట్టుకుపోతుంది, తిరిగి రాదు. దానికి కొన్ని బాక్టీరియా ఒక ఉపాయం చేశాయి. మారినోబాక్టర్ లాంటివి తమ సిడెరోఫోర్‌కు కొవ్వు తోక తగిలిస్తాయి. కొవ్వు నీళ్ళలో కలవదు కాబట్టి అణువు కణం పొరకే అంటిపెట్టుకుని ఉంటుంది. కాలిఫోర్నియాలో ఆలిసన్ బట్లర్ బృందం 2000లో దీన్ని బయటపెట్టింది. గాలానికి దారం కట్టి వదిలినట్టు. 2016లో తూర్పు పసిఫిక్‌లో వెతికితే, ఇనుము బాగా కరువున్న నీళ్ళలో ఈ తోకలున్న రకమే ఎక్కువ కనిపించింది.

కరక్కాయ
మాది శ్రీకాళహస్తి, కలంకారీ కుటుంబం. స్వాతి గారు కొక్కేల గురించి చెబుతుంటే మా నలుపు గుర్తొచ్చింది. తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని తాటిబెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెడతాం. ఆ నీళ్ళకు పెద్ద రంగేమీ ఉండదు. గుడ్డను ముందే కరక్కాయ, పాలలో ముంచి ఎండబెట్టి ఉంచుతాం. కలంతో గీత గీయగానే క్షణంలో నల్లబడుతుంది. ఎన్ని ఉతుకులకూ పోదు. ఇది కూడా అలాంటి పట్టేనా?

రసాయనం_మాస్టారు
అచ్చంగా అలాంటిదే నాయనా. కరక్కాయలో టానిన్ ఉంటుంది. దాని అణువులో పక్కపక్కనే ఉన్న రెండు మూడు ఆక్సిజన్లు ఇనుమును పట్టుకుంటాయి. ఎంటరోబాక్టిన్‌లో ఉన్న కొక్కెం కూడా దాదాపు అదే తీరు, దాన్ని కాటెకాల్ అంటారు. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగొద్దని డాక్టర్లు చెప్పేదీ ఇందుకే. టీలోని టానిన్ ఇనుమును పట్టుకుని పేగుకు అందనివ్వదు. ఇక తాటిబెల్లం పులిసి ఆమ్లం అవుతుంది, తుప్పును కరిగిస్తుంది. మీ తాతలు ప్రయోగశాల లేకుండానే కరగని ఇనుమును కరిగించే విద్య పట్టారు.

కరక్కాయ
మా నాన్నకు చదివి వినిపించాను. చాలా సంతోషపడ్డారు.

గోదారిగట్టు
స్వాతి గారూ, ఒక సందేహం. అంత కష్టపడి తయారుచేసి నీళ్ళలో వదిలేస్తే పక్కవాడు ఎగరేసుకుపోడా?

స్వాతి_సూక్ష్మం
ఎగరేసుకుపోతాడు! విబ్రియో బాక్టీరియా గుంపుల్ని సముద్రంలోంచి పట్టి వాటి జన్యువులు చదివి 2012లో ఒక పరిశోధన వచ్చింది. ఒకే జాతి లోపల కొన్ని సిడెరోఫోర్ చేస్తాయి, కొన్ని చేయవు. చేయనివాటిలో కూడా దాన్ని లోపలికి తీసుకునే గ్రాహకం మాత్రం భద్రంగా ఉంది. వండే పొయ్యి తీసేశారు, తినే కంచం దాచుకున్నారు. పైగా ఇది నీళ్ళలో విడివిడిగా తేలేవాటిలోనే ఎక్కువ. పెద్ద రేణువుల మీద గుంపుగా కాపురం ఉండేవాటిలో చేసేవాళ్ళు ఎక్కువమంది మిగిలారు.

నెల్లూరు_చేప
పచ్చి దొంగలు.

మల్లెతీగ
దొంగలు అనకండి చేప గారూ. చేయడానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు మానుకున్నవి బతికాయి, అంతే. మా ఊళ్ళో బావి ఉన్న ఇల్లు నాలుగే, నీళ్ళు తోడుకునేది నలభై ఇళ్ళు. ఎవరినీ దొంగలనలేదు.

నెల్లూరు_చేప
బావిలో నీళ్ళు ఊరతాయమ్మా. ఇక్కడ ఒకడు పట్టిన పరమాణువు ఇంకొకడికి దక్కితే మొదటివాడికి పోయినట్టే.

స్వాతి_సూక్ష్మం
ఇద్దరికీ బలమైన ఉదాహరణలున్నాయి. మల్లెతీగ గారి వైపు ఒకటి చెబుతాను. కొన్ని మారినోబాక్టర్లు విబ్రియోఫెరిన్ అనే సిడెరోఫోర్ వదులుతాయి. దాని మీద ఎండ పడితే అది విరిగిపోతుంది, ఇనుము కాసేపు విడిగా, సులభంగా అందే రూపంలో ఉంటుంది. పక్కన ఉన్న నాచు దాన్ని అందుకుంటుంది. నాచు ఎండలో వండుకున్న తిండిలో కొంత బయటికి కారుతుంది, అది బాక్టీరియాకు భోజనం. 2009లో వచ్చిన పరిశోధన ఇది. దొంగతనం కాదు, వస్తుమార్పిడి.

నెల్లూరు_చేప
ఇది బాగుంది. మాట వెనక్కి తీసుకుంటున్నాను, సగం.

అమ్మ_వరంగల్
ఇది చదువుతూ ఆగలేక రాస్తున్నాను. మా బాబుకు తలసీమియా మేజర్. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ రక్తంతో వచ్చే ఇనుము ఒంట్లోంచి బయటికి పోయే దారి లేదు, గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. చిన్నప్పుడు రాత్రంతా పొట్ట దగ్గర సూది గుచ్చి చిన్న పంపుతో డెస్ఫెరియాక్సమైన్ ఎక్కించేవాళ్ళం. ఇప్పుడు మాత్రలకు మారాం. ఆ మందు బాక్టీరియా నుంచి వచ్చిందని అప్పుడు డాక్టరమ్మ ఒకసారి అన్నారు. అది మీరు చెప్పే సిడెరోఫోరేనా?

స్వాతి_సూక్ష్మం
అవునండీ, అదే. స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బాక్టీరియా ఇనుము కోసం చేసుకునే అణువు అది. 1960ల నుంచి మందుగా వాడుతున్నారు. మీ బాబు ఒంట్లో ఇనుమును చుట్టి బయటికి తెచ్చింది అదే. ఆ కుటుంబానికే చెందిన ఫెర్రియాక్సమైన్లు సముద్రంలో కూడా దొరికాయి, ముఖ్యంగా పోషకాలు ఎక్కువగా ఉన్న తీరపు నీళ్ళలో. జ్వరం వస్తే ఆ మందు ఆపి వెంటనే రమ్మని మీకు చెప్పి ఉంటారు కదా?

అమ్మ_వరంగల్
చెప్పారు. ప్రతిసారీ అదే టెన్షన్. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

స్వాతి_సూక్ష్మం
కొన్ని క్రిములకు ఆ సిడెరోఫోర్‌ను లోపలికి తీసుకునే గ్రాహకం ఉంది. మందు పట్టుకున్న ఇనుము వాటికి భోజనమైపోతుంది. యెర్సీనియా అనేది అలాంటిదే. గోదారి గారు అడిగిన "పక్కవాడు ఎగరేసుకుపోడా" అన్నది మన ఒంట్లో కూడా జరుగుతుంది. బాబు ఇప్పుడు ఎలా ఉన్నాడండీ?

అమ్మ_వరంగల్
డిగ్రీ రెండో సంవత్సరం. ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ పరీక్ష అంకె అదుపులో ఉంది. మీరందరూ రాసింది వాళ్ళ స్నేహితులకు చదివి వినిపిస్తానని చెప్పాడు.

ఉప్పుగాలి
అమ్మ గారూ, బాబుకు మా అందరి ఆశీస్సులు.

నిన్న రాత్రి రాస్తానన్నది ఇప్పుడు. సిడెరోఫోర్ కథ వింటే సముద్రంలో అందరూ అదే చేస్తారనిపిస్తుంది. సముద్రంలో లెక్కకు అందరికన్నా ఎక్కువ ఉండేవి రెండు. ఎస్ఏఆర్11 అనే బాక్టీరియా, ప్రోక్లోరోకాకస్ అనే 0.6 మైక్రాన్ల సయనోబాక్టీరియా. రెండోదాన్ని 1986లో శాలీ చిజమ్, రాబర్ట్ ఓల్సన్ కనిపెట్టారు. ఈ రెండూ సిడెరోఫోర్ చేయవు. వాటి ఉపాయం చిన్నగా ఉండటం. ఒళ్ళు ఎంత చిన్నదైతే లోపలి అవసరంతో పోలిస్తే చర్మం అంత ఎక్కువ. తగిలిన పరమాణువును పట్టే చోటు ఎక్కువ, కావలసిన పరమాణువులు తక్కువ.

స్వాతి_సూక్ష్మం
చేయవన్నది నిజం, కానీ వాడుకోవని కాదు. లోతులో మసక వెలుతురులో ఉండే ప్రోక్లోరోకాకస్ రకాలు కొన్నింటిలో సిడెరోఫోర్‌ను లోపలికి తీసుకునే జన్యువులు దొరికాయి. చిన్నవి కూడా ఇతరుల కష్టం మీద కొంత ఆధారపడతాయి.

ఉప్పుగాలి
ఆ మాట నాకు తెలియదు, మంచిది. నిజానికి సముద్రంలో కరిగిన ఇనుములో 99 శాతం పైగా ఏదో ఒక సేంద్రియ అణువు పట్టులోనే ఉంటుంది. విడి ఇనుము అన్నది దాదాపు లేదు. ఎప్పుడూ ఎవరో ఒకరి గుప్పిట్లోనే ఉంటుంది. నడిసముద్రంలో బతకడమంటే ఆ గుప్పిట తెరిపించడం ఎలాగో తెలుసుకోవడమే. అలా పట్టి ఉండబట్టే దూరాలూ పోగలుగుతుంది. దక్షిణ పసిఫిక్ అడుగున వేడినీటి బుగ్గల్లోంచి వచ్చిన ఇనుము 4000 కిలోమీటర్ల దాకా సాగిపోవడం 2015లో చూశారు.

ఆక్వా_భీమవరం
విబ్రియో పేరు వినగానే వచ్చాను. మాకు వనామీ చెరువులున్నాయి. పోయిన పంటలో విబ్రియో వచ్చి సగం రొయ్య పోయింది. ఇనుము దొరక్కపోతే విబ్రియో పెరగదు కదా, చెరువులో ఇనుము తగ్గిస్తే సరిపోదా? మా బోరు నీళ్ళలో ఇనుము ఎక్కువ, గట్టు మీద ఎర్రటి తెట్టు కడుతుంది.

స్వాతి_సూక్ష్మం
అన్నా, అంత తేలిక కాదు. చెరువులో మేత, మట్టి, రెట్ట అన్నిటిలోనూ ఇనుము ఉంటుంది, నడిసముద్రం కంటే ఎన్నో వేల రెట్లు ఎక్కువ. దాన్ని విబ్రియోకు చాలనంతగా తగ్గించలేం. పైగా అది విబ్రియోఫెరిన్ లాంటివి చేసి, ఎదుటివాళ్ళ సిడెరోఫోర్లూ లాక్కుని బాగా పోటీపడే రకం. మీరు నీటి రంగు కోసం డయాటమ్ అనే గాజు పెంకున్న సన్నటి నాచు పెంచుకుంటారు కదా, ఇనుము తగ్గితే ముందు అవే దెబ్బతింటాయి. పనికొచ్చే ఆలోచన ఇంకోటి ఉంది. చెరువులో వేసే ప్రోబయాటిక్, అంటే మేలుచేసే బాక్టీరియాలో కొన్ని సిడెరోఫోర్ బాగా చేస్తాయి, ఇనుము కోసం విబ్రియోతో పోటీపడతాయి. ల్యాబ్‌లో బాగా కనిపిస్తుంది. చెరువులో ఫలితం మాత్రం నీటిని బట్టి మారుతుంది, ఒక్క దాన్నే నమ్ముకోకండి.

ఆక్వా_భీమవరం
బోరు నీళ్ళు నేరుగా వదలకుండా ముందు గాలి కొట్టించి తేర్చుకోమని మా టెక్నీషియన్ చెప్పాడు. అదీ ఇందుకేనా?

రసాయనం_మాస్టారు
అది వేరే సంగతి నాయనా. బోరులో ఆక్సిజన్ ఉండదు, ఇనుము ఫెర్రస్‌గా కరిగి వస్తుంది. గాలి తగలగానే తుప్పుగా మారుతుంది. అది చెరువులోనే జరిగితే రొయ్య మొప్పలకు పట్టుకుంటుంది. అందుకని ముందే తేర్చమంటారు. 250 కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో జరిగింది మీ తొట్టిలో ఒక పూటలో జరుగుతుంది. సుధమ్మా, మీ అమ్మాయికి చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మల్లెతీగ
డయాటమ్‌లు కూడా సిడెరోఫోర్ చేస్తాయా?

స్వాతి_సూక్ష్మం
చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. వాటి దారి వేరు. పొర మీదే ఇనుమును ఫెర్రిక్ నుంచి ఫెర్రస్‌గా మార్చి గుప్పిట విడిపించే ఎంజైములున్నాయి. ఇంకోటి ఫైటోట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్. మన రక్తంలో ఇనుము మోసే ట్రాన్స్‌ఫెరిన్ లాగే పనిచేస్తుంది, ఇనుమును పట్టాలంటే దానికి కార్బోనేట్ తోడు కావాలి. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి సముద్రం ఆమ్లం వైపు జరిగితే నీళ్ళలో కార్బోనేట్ తగ్గుతుంది, అప్పుడు డయాటమ్‌కు ఇనుము పట్టడం కష్టమవుతుందని 2018లో తేల్చారు. ఇది నాకు నిజంగా బెంగ పుట్టించే విషయం.

ఉప్పుగాలి
పొదుపు గురించి కూడా చెప్పాలి. క్రోకోస్ఫేరా అనే సయనోబాక్టీరియాకు రెండు పనులు. పగలు ఎండతో తిండి వండుకోవడం, రాత్రి నత్రజనిని పట్టడం. రెండింటి పనిముట్లకూ ఇనుము కావాలి. రెండు సెట్లు పెట్టుకునే తాహతు లేదు. అందుకని పొద్దున నత్రజని ఎంజైములు విడదీసి ఆ ఇనుముతో పగటి పనిముట్లు కట్టుకుంటుంది. సాయంత్రం వాటిలో కొన్ని విప్పి మళ్ళీ రాత్రివి. రోజూ! ఇలా 40 శాతం దాకా ఇనుము మిగుల్చుకుంటుందని 2011లో లెక్కగట్టారు. పల్లెటూరి నాటకంలో ఒక్కటే కిరీటం ఉంటే రాముడు దిగగానే రావణుడు పెట్టుకున్నట్టు.

ట్రైకోడెస్మియం ఇంకో రకం. నేను అరేబియా సముద్రంలో కళ్ళారా చూశాను, నీళ్ళ మీద రంపపు పొట్టు చల్లినట్టు గోధుమరంగు తెట్టు మైళ్ళకొద్దీ. ఇవి పదుల నుంచి వందల పోగులు కలిసి పత్తి ఉండలా గుంపు కడతాయి. ఎడారి దుమ్ము పడితే ఆ రేణువుల్ని పోగుల మీదుగా జరుపుకుంటూ ఉండ నడిమధ్యకు చేరుస్తాయి. అక్కడ కూర్చోబెట్టి నిదానంగా ఇనుము కరిగించుకుంటాయి. ఎర్రసముద్రపు కొసన, అకాబా సింధుశాఖలో పట్టినవాటితో 2011లో దీన్ని చూపించారు.

గోదారిగట్టు
మెదడు లేని జీవి దుమ్ము ఏరుకుని నడిమికి చేర్చడమా! ఇవాళ్టికి ఇది చాలు నాకు.

డల్లాస్_పద్మ
నాదొక ప్రశ్న. ఇనుము వేస్తే నాచు పెరుగుతుంది, నాచు బొగ్గుపులుసు వాయువు పీల్చుకుంటుంది. అయితే ఓడల్లో ఇనుము తీసుకెళ్ళి పోసేస్తే భూమి వేడెక్కడం ఆగిపోదా? ఇంత సులువైన పని ఎందుకు చేయరు?

ఉప్పుగాలి
ఆ మాట మొదట గట్టిగా అన్నది అమెరికా సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్. "సగం ట్యాంకర్ ఇనుము ఇవ్వండి, మీకు మంచుయుగం తెచ్చిస్తాను" అన్నాడు 1988లో. తన ఊహను నడిసముద్రంలో పరీక్షించే రోజు చూడకుండానే 1993లో పోయాడు. ఆ ఏడాది చివర్లోనే గలాపగోస్ దగ్గర తొలి ప్రయోగం చేశారు, నాచు పెరిగింది. మన దేశం కూడా చేసింది. 2009లో గోవా సంస్థ, జర్మనీ వాళ్ళు కలిసి లోహాఫెక్స్ పేరుతో దక్షిణ మహాసముద్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము కలిపారు. లోహం అన్న మన మాటే ఆ పేరులో ఉంది. పోసింది ఫెర్రస్ సల్ఫేట్, మన పచారీ కొట్టు అన్నభేది.

డల్లాస్_పద్మ
ఫలితం?

ఉప్పుగాలి
నాచు పెరిగింది, కానీ డయాటమ్‌లు కాదు. అక్కడ నీళ్ళలో వాటి గాజు పెంకుకు కావలసిన సిలికా అయిపోయి ఉంది. చిన్న నాచులు పెరిగితే వాటిని చిన్న రొయ్యజాతి జీవులు తినేశాయి. లోతుకు దిగిన కర్బనం చాలా తక్కువ.

మల్లెతీగ
అంటే పనికిరాదని తేలిపోయినట్టే కదా. సముద్రాన్ని చెరువులా వాడుకోవాలనుకోవడమే తప్పు.

ఉప్పుగాలి
తేలిపోలేదండీ. 2004లో అదే మహాసముద్రంలో సిలికా ఉన్న చోట చేసిన ప్రయోగంలో డయాటమ్‌లు విరగబూసి, సగానికి పైగా 1000 మీటర్ల లోతు దాటి మునిగాయి. చోటును బట్టి ఫలితం మారుతుంది. మీ రెండో మాటతో మాత్రం నేను ఏకీభవిస్తాను. ఒక చోట నాచు పెరిగి నత్రజని, ఫాస్ఫరస్ వాడేస్తే కింద ప్రవాహంలో ఉన్నవాటికి అవి అందవు. ఈ బాకీ ఎవరు తీరుస్తారు? దాన్ని లెక్క కట్టకుండా టన్నులకొద్దీ పోయడం నాకు ఇష్టం లేదు.

డల్లాస్_పద్మ
నాకైతే పరిశోధన ఆపకూడదనే ఉంది. ఇక్కడ వేసవులు ఏటేటా ఎలా మండుతున్నాయో చూస్తున్నాం. చిన్న ప్రయోగాలు చేస్తూ తెలుసుకోవడంలో తప్పేముంది?

ఉప్పుగాలి
చిన్న ప్రయోగాలకు నేనూ వ్యతిరేకం కాదు పద్మ గారూ. వ్యాపారానికి పోయడమే వద్దంటున్నాను.

నెల్లూరు_చేప
మనం పోయకపోయినా తిమింగలాలు పోస్తున్నాయిగా! అంటార్కిటికా సముద్రపు నీళ్ళతో పోలిస్తే తిమింగలం రెట్టలో ఇనుము కోటి రెట్లు ఎక్కువని చదివాను.

ఉప్పుగాలి
నిజమే చేప గారూ, 2010లో ఆస్ట్రేలియా వాళ్ళు కొలిచారు. తిమింగలాలు తాము తిన్న క్రిల్ అనే చిన్న రొయ్యజాతి జీవుల్లోని ఇనుమును పైనీళ్ళలోనే వదులుతాయి కాబట్టి నాచుకు మళ్ళీ అందుతుంది. వేటాడి లక్షల తిమింగలాల్ని చంపినప్పుడు ఈ తిరుగుడు కూడా తగ్గిపోయింది.

విశాఖ_సుధ
ఉప్పుగాలి గారూ, ఒక సందేహం. ఓడే ఇనుము కదా. ఇంత తక్కువ ఇనుమును ఇనుప ఓడ మీద నుంచి ఎలా కొలుస్తారు?

ఉప్పుగాలి
సరైన చోట పట్టుకున్నారు. 1980ల ముందు చాలామంది కొలిచింది ఓడ తుప్పునే. నీళ్ళు తోడే సీసాలు లోపల లోహం తగలనివి, తాడు కెవ్లార్ అనే లోహం కాని గట్టి పోగుది. నమూనా సీసాల్ని వారాల తరబడి ఆమ్లంలో నానబెడతాం. ప్లాస్టిక్ పరదాల గదిలో, వడగట్టిన గాలిలో, తల నుంచి కాళ్ళ దాకా కప్పుకుని పనిచేస్తాం. నా మొదటి ప్రయాణంలో ఒక రాత్రి పన్నెండు సీసాలు నింపాను. ఫలితాలు చూస్తే మిగతావాటికంటే ఇరవై రెట్లు ఎక్కువ. పైన రెయిలింగు నుంచి తుప్పు పెచ్చు ఒకటి రాలి గరాటులో పడింది. కంటికి ఆవగింజలో పదో వంతు. పన్నెండు గంటల పని పారబోసి ఏడ్చాను. ఇనుము విలువ నాకు ఆ రాత్రి తెలిసింది.

విశాఖ_సుధ
ఇదంతా మా అమ్మాయి నోట్సు రాసుకుంది. సెమినార్‌లో ఏదైనా చేసి చూపించాలని పట్టుబడుతోంది. ఇంట్లో దొరికే వాటితో ఏమైనా ఉందా?

కరక్కాయ
నాలుగు పాత మేకులు వెనిగర్‌లో రెండు రోజులు ఉంచమనండి. నాలుగు కరక్కాయలు దంచి వేడినీళ్ళలో నానబెట్టి వడగట్టాలి. గాజు గ్లాసులో కరక్కాయ నీళ్ళు పోసి, మేకుల నీళ్ళు చెంచాడు కలిపితే చాలు, సిరా.

రసాయనం_మాస్టారు
అక్కడితో ఆపొద్దు తల్లీ. ఆ నల్ల నీళ్ళలో నిమ్మరసం పిండి చూడమను.

విశాఖ_సుధ
ఇప్పుడే చేశాం. నలుపు మా కళ్ళ ముందే విరిగి పలచని టీ రంగుకొచ్చింది! ఎలా మాస్టారూ?

రసాయనం_మాస్టారు
నిమ్మలోని పులుపు టానిన్ పట్టును సడలించింది. అందులోని సిట్రేట్ ఆ ఇనుమును తను అందుకుంది. గుప్పిట మారిందన్నమాట. స్వాతమ్మ చెప్పిన విబ్రియోఫెరిన్‌లో కూడా సిట్రేట్ ముక్క ఉంది చూసుకోమను.

విశాఖ_సుధ
చూసుకుంటోంది. ఇప్పుడు వంటసోడా వేస్తే నలుపు తిరిగొస్తుందా అని ఇంకో గ్లాసు పట్టుకుంది. నాకు వంటగది దక్కేలా లేదు. ఫోటోలు రేపు పెడతాను.